నీళ్ళు పోసిన పూలు

మా ఊరి చర్చిలో ఈస్టరుకి సమాధుల మీద కొన్న పూలు పెట్టరు. బాపట్ల బజారులో బంతిపూలు ఎంత చవగ్గా దొరికినా సరే, అవి పెళ్ళిపందిరికి పనికొస్తాయి గానీ సమాధికి పనికిరావు. పెరట్లో పెంచినవీ పనికిరావు. మనిషి నాటకుండా, మనిషి నీళ్ళు పోయకుండా, ఇసకలోంచి వాటంతటవి లేచి పూసినవే తెచ్చి పెట్టాలి. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పూలు కొనే స్తోమత లేని రోజుల్లో ఎవరో తెలివైన ఆడమనిషి పెట్టి ఉంటుందని నా అనుమానం. తర్వాత వచ్చిన పాస్టర్లు దానికి పునరుత్థానమనీ, చచ్చిన నేలలోంచి దేవుడు లేపిన పూలనీ మంచి మంచి అర్థాలు చెప్పారు. వినడానికి బాగానే ఉండేది.

మా ఊరు బాపట్ల నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంది. ఎటు చూసినా ఇసక. అక్టోబరు, నవంబరు నెలల్లో పడిన వాన ఆ ఇసకలోకి దిగి, చలికాలమంతా అడుగున చెమ్మగా నిలిచేది. పైనుంచి మంచు కురిసేది. ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలయ్యేసరికి దిబ్బలన్నీ పూతకొచ్చేవి. పల్లేరు పసుప్పచ్చగా, వెంపలి ఊదాగా, తుమ్మి తెల్లగా పూసేవి. అన్నిటికన్నా చిన్నది, చొక్కా బొత్తామంత కూడా ఉండని నీలం పువ్వు, నేలకి అంటుకుని పూసేది. విష్ణుక్రాంతం అంటారు దాన్ని. క్రీస్తు లేచిన పండక్కి విష్ణుమూర్తి పేరు ఎందుకని మా నాయనమ్మ సారమ్మ ఆ మాట పలికేది కాదు, నీలాలు అనేది. మేమూ అదే అలవాటు చేసుకున్నాం. నీలాలు పొద్దున ఎండ తగలగానే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. పొద్దెక్కాక లేచేవాళ్ళకి అవి ఉన్నట్టే తెలియదు.

నేను చెప్పబోయేది ఎనభై ఏడు సంగతి. అంతకు ముందు ఏడు ఆగస్టులో నాయనమ్మ పోయింది. అక్టోబరులో వానలు ముఖం చాటేశాయి. నవంబరు కూడా అలాగే గడిచింది. మంచు సైతం సరిగా కురవలేదు. దిబ్బల మీది మొక్కలకి ఏం తెలిసిందో ఏమో, జనవరిలోనే, బొటనవేలంత ఎత్తు కూడా లేవకుండానే, హడావిడిగా మొక్కకో పువ్వు పూసి, వారంలో గింజ కట్టి ఎండిపోయాయి. ఫిబ్రవరి నాటికి దిబ్బల మీద పల్లేరు ముళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. తుమ్మి పూల మీద ముసిరే తేనెటీగలు కూడా ఆ ఏడు మా వైపు రాలేదు.

మా అమ్మ దానమ్మకి ఇదే దిగులు. నాయనమ్మకి అది మొదటి ఈస్టరు. మా ఇంట్లో అత్తాకోడళ్ళు కొట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరూ ఒకే చేట ముందు కూర్చుని ఎండుచేపలు వలుచుకుంటూ ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళు. ఆమె సమాధి మీద మొదటి పండక్కి పువ్వు లేకపోవడమేంటని అమ్మ రోజూ పొద్దున్నే దిబ్బల మీదకి వెళ్ళి వెతికేది. వెంపలి పుల్లలు నాలుగు పట్టుకుని తిరిగొచ్చేది. వాన కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టినప్పుడు ఊరంతా తాగునీళ్ళ కోసం ప్రార్థిస్తే, మా అమ్మ పూల కోసం ప్రార్థించింది. నాతో చెప్పి నవ్వుకుంది కూడాను.

అమ్మకి చనిపోయినవాళ్ళకి చేసే పనులంటే భక్తి. ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరు పోయినా స్నానం చేయించడానికి ఆమెనే పిలిచేవాళ్ళు. ఎనభై ఐదులో మా స్కూల్లో మూడో తరగతి చెప్పే ప్రమీలారాణి టీచరు పచ్చకామెర్లతో పోయినప్పుడు కూడా అంతే. ఆవిడది తెనాలి. తల్లిదండ్రులు లేరు, ఉన్న ఒక్క అన్న టైముకి రాలేదు. మూడేళ్ళు మా ఇంట్లో ఆదివారం భోజనం చేసిన మనిషి, అనాథలా వెళ్ళకూడదని అమ్మ తనే స్నానం చేయించి, తన పెట్టెలోని తెల్లచీర తీసి కట్టి, మా ఊరి సమాధుల తోటకే పంపింది. జబ్బులో ఉన్న నెల రోజులూ ఆవిడకి జావ కాచి పట్టుకెళ్ళింది కూడా అమ్మే. నేను వెంట వెళ్ళేదాన్ని. టీచరుగారు అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చేది. జబ్బు మనిషి కదా అనుకునేవాళ్ళం.

ఇక మా నాన్న. అబ్రహాము మాస్టారంటే చుట్టుపక్కల నాలుగూళ్ళలో గౌరవం. ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు, చర్చి సెక్రటరీ. మాట పొల్లు పోనిచ్చే మనిషి కాదు. పిల్లలు అబద్ధం ఆడితే బెత్తం పట్టుకునేవారు కాదు, ఎదురుగా నిలబెట్టి నిజమేదో, అబద్ధమేదో విడదీసి చెప్పించేవారు. ఒకప్పుడు నెలకి రెండు శనివారాలు తెనాలిలో టీచర్ల మీటింగుకని వెళ్ళేవారు, ఒకటిన్నర ఏడాదిగా మానేశారు. మీ మీటింగులు ఎత్తేశారా ఏంటండీ అని అమ్మ ఒకసారి అడిగితే, ఒంట్లో ఓపిక తగ్గిందన్నారు. నాకు పదిహేడేళ్ళు. ఇంటర్ ఇంగ్లీషు తప్పి ఇంట్లో కూర్చున్నాను. ఊళ్ళో అందరూ నన్ను చూసి జాలిపడుతుంటే, పడనిది ఆయన ఒక్కరే. పోతే పోయిందిలే రిబ్కమ్మా, మళ్ళీ రాద్దువు అన్నారు. నాకు ఆయనంటే ప్రాణం. అది ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు ఆరాధన అయ్యాక నాన్న నన్ను చర్చి వెనక్కి పిలిచారు. నాయనమ్మ సమాధి విషయంలో మీ అమ్మ పడుతున్న బాధ చూడలేకపోతున్నానన్నారు. నీలాల మొక్క పైన ఎండినా వేరు చావదట. పల్లేరు గింజ ఇసకలో ఎన్నాళ్ళయినా కాచుకుని ఉంటుందట. రోజుకో కడవ నీళ్ళు పోస్తే నలభై రోజుల్లో సమాధి పూతకొస్తుంది. నీళ్ళు పోసిన పూలు పనికిరావు కదా నాన్నా అన్నాను. ఆయన నవ్వి, నాటింది మనం కాదుగా, వాన చెయ్యాల్సిన పని మనం చేస్తున్నాం, అంతే కదా అన్నారు. నాకు ఆ మాట ఎంతో తెలివిగా తోచింది.

"మీ అమ్మకి చెప్పొద్దు. పండగ నాడు చూసి సంతోషిస్తుంది," అన్నారు. "నువ్వు కూడా అప్పుడే చూడాలి. గేటు దాకా తెచ్చివ్వు, చాలు."

ఆ ఏడు నీళ్ళంటే ఏంటో ఇప్పటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. బోరింగు నీళ్ళు ఉప్పుతేలి నోట పెట్టుకోవడానికి లేకుండా పోయాయి. ఊరందరికీ సర్వి తోపు అవతల ఒక చెలమే దిక్కు. ఇసకలో నిలువులోతు గొయ్యి తీసి, అడుగున ఊరిన నీళ్ళని ముంతతో తోడి కడవ నింపుకోవాలి. పొద్దున నాలుగున్నరకే వరస మొదలయ్యేది. ఇంటికి మూడు కడవలు అని పెద్దలు నిర్ణయించారు. వంటకి, తాగడానికి, ఒళ్ళు తుడుచుకోవడానికి అన్నిటికీ ఆ మూడే. మా ఇంటి వంతు నాది. అమ్మ తన పాత ఆకుపచ్చ చీర చించి, జరీ అంచు పైకి కనపడేలా చుట్టి, కడవ కిందకి తలమీద పెట్టుకునే చుట్టకుదురు చేసిచ్చింది. చుట్టకుదురుకి జరీ ఏంటే అని చెలమ దగ్గర అందరూ నన్ను ఆటపట్టించారు. ఏం, మా అమ్మ కష్టంలో కూడా సోకు మానదు అన్నాను.

మొదటి కడవ తీసుకుని నేను ఇంటికి కాకుండా సమాధుల తోట వైపు నడిచేదాన్ని. తెల్లవారుతుండగా నాన్న గేటు దగ్గర నిలబడి ఉండేవారు. కడవతో పాటు చుట్టకుదురు కూడా అందుకుని, ప్రహరీ గోడ వెనక్కి వెళ్ళి, కాసేపటికి ఖాళీ కడవ తెచ్చిచ్చేవారు. రెండో కడవ, మూడో కడవ ఇంటికి. అమ్మ అడిగితే చెలమలో నీళ్ళు తగ్గాయమ్మా, మనకి రెండే వచ్చాయి అని చెప్పేదాన్ని. అబద్ధం చెప్పడానికి నాకు బాధ కలగలేదు. నలభయ్యో రోజున ఆమె ముఖం ఎలా వెలుగుతుందో తల్చుకుంటూ చెప్పేదాన్ని. అబద్ధం అంత సంతోషంగా చెప్పడం నా జన్మలో మళ్ళీ జరగలేదు.

రెండు కడవలతో ఇల్లు గడవదు. పది రోజులు సర్దుకున్నాక, అమ్మ మధ్యాహ్నం పన్నెండింటికి, చెలమ దగ్గర ఎవరూ ఉండని వేళ, తనే వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ వేళకి చెలమలో బురద తప్ప ఏముంటుంది. గంటా గంటన్నర కూర్చుని ముంతడేసి తోడుకుని అరకడవ తెచ్చేది. ఇసక కాలి ఆమె అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నేను వెళ్తానంటే, పొద్దున్నే లేస్తున్నావు, చదువుకో అంది. సాయంత్రం కాళ్ళకి ఆముదం రాస్తుంటే నాన్న చూసి, అంత ఎండలో ఎందుకు దానమ్మా, ఉన్నదాంతో సరిపెట్టుకుందాం అన్నారు. ఆయన గొంతులో జాలి ఉంది. అది నటన కాదని ఇప్పటికీ నమ్ముతాను, అదే నాకు మింగుడు పడని విషయం. ఆ రాత్రి నేను ఆయనతో, మనం మానేద్దాం నాన్నా అని గుసగుసగా అన్నాను. మొగ్గ తొడిగింది తల్లీ, ఇప్పుడు మానేస్తే మొదటికే మోసం వస్తుంది అన్నారు. మొగ్గ అనేసరికి నేను పొంగిపోయాను.

చెలమ దగ్గర నా వెనక వరసలో మా ఎదురింటి పున్నమ్మత్త ఉండేది. ఒకరోజు నా తల మీద కడవ సర్దుతూ, రోజూ మొదటి కడవ ఎటు తీసుకెళ్తావే అంది. నాన్న తీసుకురమ్మన్నారని చెప్పాను, సమాధుల తోటకని కూడా చెప్పాను, పండగ దాకా అమ్మకి చెప్పొద్దని బతిమాలాను. పున్నమ్మత్త నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కడవ మీద చెయ్యి తీసేసి, నేనేం చెప్తాన్లే అమ్మా, నాకెందుకు అంది. మరుసటి రోజు నుంచి వరసలో ఆడవాళ్ళు నన్ను చుట్టకుదురు గురించి ఆటపట్టించడం మానేశారు. గౌరవం పెరిగిందనుకున్నాను.

ఈస్టరుకి ముందు వారం వచ్చే మట్టల ఆదివారం తర్వాత చుట్టకుదురు కనిపించలేదు. నాన్న కడవ ఇచ్చారు గానీ చుట్టకుదురు ఇవ్వడం మర్చిపోయినట్టున్నారు, నేనూ అడగలేదు. ఎక్కడ పారేశావే అని అమ్మ కోప్పడింది. పండక్కి దొరుకుతుందిలే అని నవ్వాను. అమ్మకి ఏం అర్థం కాక తనూ నవ్వింది.

ఈస్టరు నాడు తెల్లవారకముందే అందరం కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి వెళ్ళాం. ప్రార్థన, పాటలు, పాస్టరుగారి ప్రసంగం అయ్యాక, ఎండ వచ్చే వేళకి ఎవరి సమాధుల దగ్గరికి వాళ్ళు వెళ్ళి పూలు పెట్టడం మా ఆనవాయితీ. ఆ ఏడు ఆడవాళ్ళ చేతుల్లో చూడాలి. ఒకరు సర్వి కొమ్మలు తెచ్చారు, ఒకరు మట్టల ఆదివారం మిగిలిన ఈతమట్టలు తెచ్చారు, ఒకావిడ ఏమీ దొరక్క పల్లేరు కాయలే తెచ్చింది. అమ్మ వెంపలి పుల్లలు కట్ట కట్టింది. అవి ఎందుకమ్మా, పారెయ్యి అన్నాను. నోరు మూసుకుని నడువు అంది.

ప్రసంగం అవ్వగానే నేను అమ్మకన్నా ముందు నాయనమ్మ సమాధి దగ్గరికి పరుగెత్తాను. అక్కడ ఏమీ లేదు. ఆగస్టులో ఎలా పోశారో అలాగే ఉంది ఇసక, ఎండి, అంచులు జారి. ఒక్క మొక్క లేదు, ఒక్క చుక్క తడి తగిలిన గుర్తు లేదు. నేను తప్పు సమాధి దగ్గర నిలబడ్డానేమో అనుకున్నాను. కర్ర సిలువ మీద పేరు చదివాను. సారమ్మ అని ఉంది, నాన్న చేతిరాతే.

అప్పుడు మూల నుంచి పాస్టరమ్మగారి పిలుపు వినపడింది. ఆవిడ ఊరికి వచ్చి ఆర్నెల్లే అయింది, పాపం, ఏమీ తెలియదు. నీలాలు, నీలాలు, ఇటు రండమ్మా అని చిన్నపిల్లలా పిలుస్తోంది. అందరం అటు వెళ్ళాం. ప్రహరీ గోడ మూల, వేపచెట్టు పక్కన, చుట్టూ తెల్లటి ఎండిన ఇసక మధ్యలో ఒక మనిషి పొడుగున, ఒక మనిషి వెడల్పున నీలాలు పూశాయి. అంచున పల్లేరు పసుప్పచ్చగా అల్లుకుంది. ఎండ అప్పుడే తగిలి అన్నీ విచ్చుకుంటున్నాయి. మామూలు ఏడాదైతే తోట మొత్తం అలాగే ఉండేది, ఎవరికీ ఏ అనుమానం వచ్చేది కాదు. ఆ ఏడు మాత్రం ఊరంతటికీ కలిపి పూసింది ఆ ఒక్క సమాధే. తలవైపు కర్ర సిలువ మీద ప్రమీలారాణి అని ఉంది.

దేవుడు ఈ ఒక్కచోటైనా దయ చూపించాడు, తలా నాలుగు కోసుకెళ్ళి మీ మీ సమాధుల మీద పెట్టుకోండి అంది పాస్టరమ్మగారు. ఒక్కరూ వంగలేదు. నేను అందరి ముఖాలూ చూశాను. పున్నమ్మత్త నేల చూస్తోంది. ఇంకొకావిడ పైట సర్దుకుంటోంది. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. అందరికీ తెలుసునని, తెలియనిది మా అమ్మకీ, నాకూ, పాస్టరమ్మగారికేననీ అప్పుడు అర్థమైంది. నాన్న మగవాళ్ళ వైపు నిలబడి పాటల పుస్తకం తెరిచి పట్టుకుని ఉన్నారు.

అమ్మ ముందుకి వెళ్ళింది. సమాధి కాళ్ళ వైపు వంగి, మొక్కల కింద నుంచి ఏదో తీసింది. ఆకుపచ్చ చుట్టకుదురు, జరీ అంచు. ఇసక దులిపి, తడిసిందో లేదో చూస్తున్నట్టు రెండు చేతులతో నొక్కింది. తడిగానే ఉంది, చుక్కలు కారాయి.

"ఇవి నీళ్ళు పోసి పెంచినవండీ పాస్టరమ్మగారూ," అంది మామూలు గొంతుతో. "సమాధుల మీదకి పనికిరావు."

తర్వాత నాయనమ్మ సమాధి దగ్గరికి వెళ్ళి వెంపలి పుల్లలు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకుంది. తొందరపడకుండా, ఎప్పటిలాగే పూర్తిగా చేసుకుంది. ఇంటికి వచ్చే దారిలో నేను ఆమె పక్కన నడుస్తున్నాను. ఆమె ఒక్కసారి ఆగి, తన కాళ్ళ వైపు చూసుకుంది.

"రెండే వచ్చాయన్నావు," అంది. మళ్ళీ నడక మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం పున్నమ్మత్త వచ్చి చెప్పాల్సింది చెప్పింది. తెనాలి మీటింగులు ఏ మీటింగులో, మూడేళ్ళపాటు ఎవరు ఏ రైలెక్కి ఎక్కడ దిగేవారో అంతా ఊరికి తెలుసట. నీకూ తెలుసనుకున్నాం దానమ్మా, తెలిసే ఆ పిల్లకి జావ కాచి పోశావని నీ మంచితనానికి మెచ్చుకున్నాం అంది. అమ్మ వింటూ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరడం ఆపలేదు. వెళ్తూ వెళ్తూ పున్నమ్మత్త నా వైపు ఒక చూపు విసిరింది. తల్లికి తెలియని సంగతి కూతురికి తెలుసన్నమాట అని ఆ చూపుకి అర్థం. నాకు ఏమీ తెలియదని అరవాలనిపించింది. కానీ నలభై రోజులు మోసింది నేనే కదా.

సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని ఉంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నాయనమ్మకన్నారు, ఒక్క చుక్క కూడా పోయలేదేంటి నాన్నా అని అడిగాను. ఆవిడకి ఎవరూ లేరమ్మా, నాయనమ్మకి మనమంతా ఉన్నాం కదా అన్నారు. నాతో ఎందుకు అబద్ధం ఆడించారు అన్నాను. అప్పుడు ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, స్కూల్లో పిల్లవాడికి విడదీసి చెప్పే గొంతుతోనే చెప్పారు.

"నేను నిన్ను అబద్ధం ఆడమనలేదు రిబ్కమ్మా. చెప్పొద్దన్నాను, అంతే. రెండూ ఒకటి కావు."

నా లోపల ఏదో తెగిపోయింది. ఆయన టీచరుగారిని ప్రేమించినందుకు కాదు, దాన్ని ఎప్పటికైనా క్షమించగలిగేదాన్నేమో. అమ్మ కాళ్ళ బొబ్బలు చూస్తూ, ఆముదం గిన్నె పక్కనే కూర్చుని, మొగ్గ తొడిగింది తల్లీ అన్నారే, దానికి క్షమాపణ లేదు.

సోమవారం పొద్దున అమ్మ రేపల్లెలో ఉన్న మా ఎస్తేరు పెద్దమ్మ ఇంటికి బయల్దేరింది. బాపట్ల స్టేషను దాకా నేను సంచి మోసుకుని వెళ్ళాను. తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కాలి. తెనాలి టిక్కెట్టు అడిగేటప్పుడు ఆమెకి ఊరి పేరు రెండోసారి చెప్పాల్సి వచ్చింది. నేనూ వస్తానమ్మా అన్నాను. రైలు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక చెప్పింది.

"నువ్వు మీ నాన్న దగ్గరుండు. ఆయనకి నీళ్ళెవరు తెస్తారు."

కోపంగా అని ఉంటే బాగుండేది. రైలు వెళ్ళాక ప్లాట్‌ఫారం మీదే కూర్చుని ఏడ్చాను. ఒక ముసలాయన వచ్చి ఏంటమ్మా, ఎవరైనా పోయారా అని అడిగాడు. అవునండి అన్నాను.

మరుసటి రోజు తెల్లవారుజామున చెలమకి వెళ్ళాను. అలవాటు కొద్దీ కాళ్ళు మొదటి కడవతో సమాధుల తోట వైపే వెళ్ళాయి. నాన్న రాలేదు, ఆ ముందు రోజే పెద్దలు ఆయన్ని సెక్రటరీ పనిలోంచి తప్పించారు, తోట వైపు రావడానికి ఆయనకి ముఖం చెల్లలేదు. లోపలికి వెళ్ళి నీలాల ముందు నిలబడ్డాను. నలభై రోజులు గేటు బయటే ఆగిపోయిన దాన్ని మొదటిసారి ఒంటరిగా అక్కడికి వచ్చాను. రెండు చేతులతో కడవ ఎత్తి ఆ సమాధి తలవైపు, కర్ర సిలువ మీద వేసి బద్దలు కొట్టాను. ఎర్రటి పెంకులు పూలలో పడ్డాయి. నీళ్ళు ఎంతసేపో లేవు, ఇసక తాగేసింది. దారిలో జారి పడిందని నాన్నకి చెప్పాను. ఆయన ఇంకో కడవ కొనిచ్చారు. వారం తిరిగేసరికి నీలాలు తోటలో మిగిలిన నేల రంగుకి వచ్చేశాయి.

జులైలో వానలు దిగాయి. ఆగస్టులో నాయనమ్మ పోయి ఏడాదైనందుకు పెట్టిన ప్రార్థన కూటానికి అమ్మ వచ్చి, మళ్ళీ వెళ్ళలేదు. అత్తగారి కోసం వచ్చాను అని ఎవరూ అడగకుండానే చెప్పింది. వండింది, వడ్డించింది, అవసరమైనంత మాట్లాడింది. నాన్నని ఏవండీ అని పిలవడం మానేసింది, ఏ పిలుపూ లేకుండానే మాటలు జరిపేది. నన్ను మాత్రం కడవ ముట్టుకోనిచ్చేది కాదు. చెలమ దాకా తనే వెళ్ళేది. నేను వెనక వెళ్తే, ఇంట్లో కూర్చో అనేది. నా ముఖంలోకి చూసేది కాదు.

నవంబరులో తుఫాను వచ్చింది. ప్రహరీ గోడ మూల కూలింది, వేపచెట్టు పడిపోయింది, కర్ర సిలువలు సగం కొట్టుకుపోయాయి, సమాధుల మీద ఇసక మేట వేసి అంతా చదునైంది. రాతి సమాధులు ఉన్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు తమవాళ్ళు ఎక్కడున్నారో అడుగులు కొలుచుకుని గుర్తు పెట్టుకోవాల్సి వచ్చింది. నాయనమ్మది ఒక రాతి సమాధి పక్కనే కాబట్టి దొరికింది. కానీ ఆ తడి ఇసకలో ఏం దాగి ఉందో శ్రమదినాలు వచ్చాక తెలిసింది. అంతకు ముందు ఏడు పూయనివన్నీ కలిపి పూసినట్టు, దిబ్బలూ బాటలూ తోటా కాలు పెట్టే చోటు లేకుండా పూశాయి. పసుపు, ఊదా, తెలుపు, వాటి కింద గోడ దాకా నీలం. ఈస్టరు నాడు తెల్లవారేసరికి మొదలైన తేనెటీగల రొదకి పాస్టరుగారి ప్రసంగం చివర వెనక వాళ్ళకి వినపడలేదు.

ఎండ వచ్చాక అందరూ వంగి పూలు కోసుకుంటున్నారు. అమ్మా నేనూ నాయనమ్మ సమాధి నింపాం. తల ఎత్తి చూస్తే నాన్న, ఏడాది తర్వాత మొదటిసారి తోటలోకి వచ్చి, మూల వైపు నడుస్తున్నారు. అక్కడ గోడ లేదు, చెట్టు లేదు, సిలువ లేదు, ఎటు చూసినా ఒకటే పూత. నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు వేసి ఆగిపోయారు. వంగి చూశారు. ఆయన ఇస్త్రీ చొక్కా వీపు మీద చెమటతో అంటుకుపోయింది.

అమ్మ పూలు కోస్తూ ఆ వైపే వెళ్ళింది. ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. నేనూ చూశాను. నీలాల మధ్య ఇసకలోంచి ఎర్రటి పెంకు ఒకటి తేలి ఉంది, దాని పక్కన ఇంకొకటి, కడవ మూతి అంచు ముక్క. అమ్మ తన కడవని గుర్తుపట్టింది. పెంకుని చూసి, తల తిప్పి నన్ను చూసింది, ఏడాది తర్వాత మొదటిసారి సూటిగా, చాలాసేపు. తర్వాత ఆ చోటు దాటి అవతల పూలు కోసుకుంటూ వెళ్ళిపోయింది.

నాన్న నా దగ్గరికి వచ్చారు. కళ్ళద్దాల వెనక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎక్కడో ఇక్కడే కదా రిబ్కమ్మా, నీకేమైనా గుర్తుందా అని అడిగారు. ఆయన నన్ను ఏదైనా అలా అడగడం, అడిగి చేతులు వేలాడేసుకుని నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు జాలి కూడా వేసింది, అది దాచను. పెంకు ఆయన కాలికి రెండడుగుల దూరంలో ఉంది.

నేను పూలు ఏరుకుంటూ ఉండిపోయాను. అబద్ధం ఆడలేదు. చెప్పలేదు, అంతే.